ఎనిమిదో నంబరు

ఆ పొద్దున పరిశోధక విద్యార్థిని వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. థీసిస్ ప్రింటు తీయించడం, గైడు చేత సంతకం పెట్టించుకోవడం, యూనివర్సిటీ ఆఫీసులో ఇచ్చేసి ఊపిరి పీల్చుకోవడం. సాయంత్రంలోగా అది ఆఫీసుకు చేరకపోతే చేతిదాకా వచ్చిన లెక్చరరు ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

టీ కప్పు చేతిలో ఉండగానే గైడుగారు ఫోన్ చేశారు. ఎవరి మాట వాడుకున్నా వారి పేరు, పుస్తకం అచ్చయిన సంవత్సరం బ్రాకెట్లో వేయమని ఇన్నాళ్లూ ప్రాణం తీసిన మనిషే, ఇప్పుడు డిపార్టుమెంటు నంబర్ల పద్ధతికి మారిందన్నారు. థీసిస్‌లో మొదట వచ్చే పుస్తకం ఒకటి, తర్వాతది రెండు; చివర జాబితా కూడా అదే వరసలో ఉండాలట. పేర్లు పీకి నంబర్లు నాటేసరికి ఆమె తల బొప్పి కట్టింది. ప్రింటు, బైండింగు భర్తకు అప్పగించి కాసేపు నడుం వాల్చింది.

భర్తకు మందుల షాపు ఉంది. అక్షర క్రమంలో లేనిదేదైనా కంటబడితే అతని చేతులు ఊరుకోవు. చివరి పేజీలో పుస్తకాలు చెల్లాచెదురుగా కనిపించాయి. పాపం, అలసిపోయి సర్దడం మరిచిపోయిందనుకున్నాడు. ‘అ’ నుంచి ‘హ’ దాకా చక్కగా సర్ది, జాబితాకు మాత్రం కొత్తగా నంబర్లు వేసి, బైండింగు చేయించుకొచ్చి మెచ్చుకోలు కోసం చూశాడు. ఆమె గడియారం చూసి పరుగు తీసింది.

గైడుగారు పేజీలు తిప్పుతూ, జాబితా చూస్తూ, మళ్లీ వెనక్కి వెళ్తూ రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నారు. థీసిస్ బస్టాండ్లలో రద్దీ గురించి. ప్రయాణికులు ఎందుకు విసుక్కుంటారో మురుగుకాలువల పుస్తకంలో ఎలా ఉందని అడిగారు. అది ఆమెకూ అర్థం కాలేదు. వరండాలోకి వచ్చి భర్తకు ఫోన్ చేసింది.

"చివర జాబితా ముట్టుకున్నారా?"

"ముట్టుకోవడమేంటి, మొత్తం సర్దాను. ఇప్పుడు ఏ పుస్తకమైనా ఇట్టే దొరుకుతుంది."

"పాత వరస దాచారా?"

"సర్దేశాక పాతదెందుకు?"

ఆమెకు ఏడుపొచ్చింది. ఉద్యోగం బస్సెక్కి వెళ్లిపోతున్నట్టు కళ్లకు కట్టింది. లోపలికి వచ్చేసరికి గైడుగారు ఒక వాక్యం దగ్గర ఆగిపోయి ఉన్నారు. రద్దీని ఇలా లెక్కించడం మొదటినుంచీ తప్పేనని ఎవరి గురించో ఆమె రాసిన వాక్యం అది. పక్కన ఎనిమిది వేసి ఉంది. జాబితాలో ఎనిమిదో పుస్తకం ఇప్పుడు గైడుగారిదే.

"ఇది నువ్వే రాశావా?"

రాసింది తనే, కానీ ఆయన గురించి కాదు. రెండూ కలిపి ఎలా చెప్పాలో తెలియక తలూపింది.

"ఆ పుస్తకంలో నా లెక్క తప్పని అచ్చయ్యాక తెలిసింది. ఇన్నేళ్లలో ఒక్కరూ పట్టుకోలేదమ్మా." ఆయన పెన్ను మూత తీశారు. "మిగతా నంబర్లు పరీక్షకులకు పంపేలోగా సరిచేసి ఇవ్వు. ఇదొక్కటి మాత్రం కదపకు. రేపు సెమినార్లో ఆ తప్పేంటో నువ్వే అందరికీ విడమరిచి చెప్పాలి."

సంతకం పడింది. థీసిస్ వేళకు ఆఫీసు చేరింది. ఆమె అక్కణ్నుంచి తిన్నగా లైబ్రరీకి వెళ్లి, గౌరవం కొద్దీ థీసిస్‌లో ఒకచోట పేరు ఇరికించిన గైడుగారి పుస్తకాన్ని మొదటిసారిగా తెరిచింది.