భట్టిప్రోలులో ఎడారి తొండ

"ఇకమీదట రేపల్లె తాలూకాలో పురుగన్నది ఉండదు!" అని మంత్రిగారు తెనాలి సభలో ప్రకటించారు. నేనూ చప్పట్లు కొట్టాను. ముందు వరసలో కూర్చున్నాక తప్పదు.

అమెరికాలో ఎత్తైన ఎడారుల్లో, తుప్పల మాటున బతికే తొండ ఒకటి ఉందట. గోధుమలతోపాటు దాన్నీ మనకు దానం చేశారు. పైరుమీద పురుగునల్లా తినేస్తుందట. ప్రయోగానికి భట్టిప్రోలులో యలమంద పొలం ఎంచారు. పాపం, అప్పుడే నారు పోసుకున్నాడు.

"దీనికి తడి పడదు," అన్నారు స్పెషలాఫీసరు పూర్ణచంద్రరావుగారు. వెంటనే యలమంద పొలానికి నీళ్ళొచ్చే తూము మూసేశారు. బాపట్ల నుంచి లారీల్లో సముద్రపు ఇసుక తెచ్చారు. ఎత్తు కావాలి గనక గుట్ట పోశారు. తుప్పలు కావాలి గనక సర్కారుతుమ్మ నాటారు. నల్లగుడ్డ కప్పిన తొండ పెట్టెను గుట్టమీద పెట్టి, పోలీసును కాపలా ఉంచారు.

నారు పసుపెక్కాక మంత్రిగారు తనిఖీకి వచ్చారు.

"ఏంటి యలమందా, పురుగేమన్నా ఉందా?"

"నారే మాడిపోతోందండి. ఇంక పురుగెక్కడండి?"

"రాసుకోండయ్యా!" అన్నారు మంత్రిగారు విలేకరులతో. "పురుగు నిర్మూలన సంపూర్ణం."

"బాబూ, సగం మడి ఇంకా బతికే ఉందండి. ఒక్క తడి ఇప్పించండి. ఏడాది తిండి అదేనండి మాకు."

"అతిథిని ముంచమంటావా?"

ఆ అతిథిని ఓసారి చూపించమన్నాను నేను. ఆఫీసరుగారు గుడ్డ తీశారు. పెట్టెలో ఇసుక తప్ప ఏమీ లేదు.

"ఇసుకలో కలిసిపోతుందండి. కనబడకపోవడమే దాని ప్రతిభ!"

మంత్రిగారు పెట్టెకు నమస్కారం పెట్టారు. మేమూ పెట్టాం.

మర్నాడు పట్టపగలే యలమందా, అతని భార్య మాణిక్యమ్మా గునపాలేసి తూము ఎత్తేశారు. గుట్ట కరిగింది. పెట్టె తేలుకుంటూ పోయింది. ప్రభుత్వ అతిథిని ముంచి చంపిన నేరానికి యలమందను అరెస్టు చేశారు, తూము మళ్ళీ మూసేశారు.

"శవమేదండి?" అని మాణిక్యమ్మ స్టేషన్లో నిలదీసింది.

"బతికుండగా కనబడనిది చచ్చాక కనబడుద్దా అమ్మా?" అన్నారు ఎస్సైగారు. న్యాయమైన మాట.

సంతాపసభ అదే కాలువ మీద, పై తూము దగ్గర, మంత్రిగారి బావమరిది పొలంగట్టున జరిగింది. ఈసారి రెండు తొండలు వస్తాయనీ, మరో రెండు తూములు మూయాలనీ మంత్రిగారు గద్గద స్వరంతో ప్రకటించారు. తరవాత అందరం తలలు వంచి రెండు నిమిషాలు మౌనం పాటించాం. బావమరిదిగారి చేలోకి దూకుతున్న నీళ్ళ చప్పుడు మాత్రం ఆగలేదు.