ఉచిత చుక్కలు

ఆ ఆదివారం పొద్దున సరోజనకు రెండే పనులు. తొమ్మిదింటికి బడి దగ్గర పిల్లలకు పోలియో చుక్కలు వేయించాలి. పదింటికి వచ్చే ఎక్సైజ్ అధికారి రామచంద్రానికి, ఊళ్లో తాగుడు ఆగిపోయిందని చూపించాలి. ఆమె నడిపే మహిళా సంఘం పట్టుబట్టి కుమారస్వామి బెల్టు షాపు మూయించి ఇరవై రోజులైంది. అధికారికి నమ్మకం కుదిరితే దానికి సీలు పడుతుంది. లేదంటే సోమవారమే తెరుచుకుంటుంది. అదే జరిగితే తన మొగుడు రాజేశం మళ్లీ మోరీ పక్కన పడుకుంటాడని ఆమె భయం.

చాటింపు వేసే మొండయ్య ముందురోజే ఊరంతా డప్పు కొట్టాడు. చుక్కలు పిల్లలకేనని ఎవరికి తెలియదులే అనుకుని ఆ ఒక్క ముక్క వదిలేశాడు.

"రేపు పొద్దుగాల బడికాడ సుక్కలేస్తరహో! పైస కట్టేది లేదు! ఎవ్వలు తప్పిపోవద్దహో!"

ఇరవై రోజులుగా నాలుక పిడచగట్టిన మగవాళ్లకు చుక్క అంటే ఒకటే అర్థం.

సరోజన వెళ్లేసరికి బడి ముందు అరవై మంది వరుస కట్టి ఉన్నారు. చేతుల్లో గ్లాసులు, కొందరి దగ్గర మిర్చిబజ్జీలు. అందరికంటే ముందు కుమారస్వామి, చెంబుతో.

"గిదేందయ్యా, మీరంత ఎందుకొచ్చిన్రు?" అని ఆమె లబోదిబోమంది.

"సర్కారోళ్లే పోస్తున్రట గదా! జర జల్ది షురూ జెయ్యమను," అన్నాడు వరుసలోంచి రాజేశం.

"గవి పోరగాండ్ల సుక్కలు!"

"నేను సుత మా బాపుకు పోరన్నే," అన్నాడు కుమారస్వామి, చెంబు దింపకుండానే.

ఇంతలో, చెప్పిన వేళకంటే ముందే, అధికారి జీపు వచ్చి ఆగింది. గ్లాసుల వరుస చూసి రామచంద్రం కళ్లెర్రజేశాడు.

"ఏందమ్మా ఇది? తాగుడు బందయిందన్నరు?"

సరోజనకు ఏడుపొక్కటే తక్కువ. నోటికొచ్చింది అనేసింది. "తాగుడు మానుతమని వచ్చిన్రు సార్. మందు ఇప్పియ్యమంటున్రు."

రామచంద్రం ముఖం వెలిగిపోయింది. తాగుడు మాన్పించడానికి జిల్లాలో కొత్తగా అరవై పడకలు వేయించి ఆరు నెలలైనా ఒక్కడూ చేరలేదు. ఇక్కడ అరవై మంది, గ్లాసులు కూడా తామే తెచ్చుకుని! వెంటనే ఫోన్ చేసి బస్సు తెప్పించాడు.

"ఎక్కుండ్రి! పది దినాలు మందు, బువ్వ అన్ని ఆడనే. ఖర్చంత సర్కారుదే," అని ఆయన అనగానే తోపులాట మొదలైంది. ఒక సంతకం అడిగితే కుమారస్వామి రెండు పెట్టాడు.

బస్సు కదులుతుంటే రాజేశం కిటికీలోంచి తల బయటపెట్టాడు. "సరోజనా, దినానికి ఎన్నిసార్లిస్తరట?"

"మూడు పూటలిస్తరట. ఫికర్ జెయ్యకు, మంచిగ మింగు!"

మొగుణ్ణి చూస్తే ఆమెకు జాలేసింది. అయినా సంతోషమే ఎక్కువైంది.

రామచంద్రం బెల్టు షాపుకు సీలు వేసి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడిగాడు. ఉండాల్సిన ఒక్క మనిషి అప్పటికి ముందు సీటు కోసం కొట్లాడుతూ ఊరి పొలిమేర దాటిపోయాడు.