తప్పు పలకని నేల

"పిల్లలు ఇక కుస్తీ పట్టి చదవనక్కర్లేదు, గెంతితే చాలు" అని విద్యామంత్రిగారు మా బడి హాల్లో నిలబడి ప్రకటించినప్పుడు, ముందు వరసలో చప్పట్లు కొట్టే భాగ్యం నాకు దక్కింది. నేను ఆ బడిలో డ్రిల్ మాస్టారిని. గెంతుడు నా శాఖ కిందికే వస్తుంది.

పథకం పేరు గణిత గమనం. డ్రిల్ హాల్లో నేలంతా అంకెలు వేసిన రబ్బరు పలకలు పరిచారు. ఒక్కో పలక కింద ఒక సెన్సర్. ఎదురుగా గోడ మీద తెర. పిల్లలు తమ కార్డు గోడకు తాకిస్తే తెర మీద ఒక లెక్క పడుతుంది. పరుగెత్తి జవాబున్న పలక మీదికి గెంతాలి. ఒప్పయితే పలక పచ్చగా వెలిగి డోలు మోగుతుంది. తప్పయితే "ఊహూఁ... మళ్ళీ చూడు" అని ఒక చిన్నపిల్ల గొంతు వినిపిస్తుంది.

దీన్ని తయారుచేసింది ఒక డిజైనర్ అమ్మాయి. మూడు నెలలు మా బడిలోనే మకాం పెట్టి, పిల్లలు ఎలా గెంతుతారో, ఎక్కడ ఆగిపోతారో, దేనికి నవ్వుతారో నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ గొంతు ఆమె అక్క కూతురిది. ప్రారంభోత్సవానికి ముందు నెల రోజులు ఆడించి చూస్తే, పిల్లలకు డోలుకన్నా ఊహూఁ అనడమే ఎక్కువ నచ్చింది. అది వినడానికి కావాలని తప్పు పలక తొక్కి, పడీపడీ నవ్వి, ఆ తర్వాత ఒప్పు పలక వెతుక్కునేవాళ్ళు.

నాలుగో తరగతిలో ఏడాదిగా నోరు విప్పని పిల్ల ఒకతె ఉండేది. ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చుంటుంది కనుక టీచర్లందరూ కిటికీ పిల్ల అనేవారు. ఆ పిల్ల మొదటిసారి నవ్వింది ఆ ఊహూఁ వినే. నెల తిరిగేసరికి పన్నెండో ఎక్కం దాకా వచ్చేసింది. దీన్ని రాయడానికి రిజిస్టర్లో గడి లేదు కనుక ఎవరూ రాయలేదు.

ప్రకటన అయ్యాక మంత్రిగారు బూట్లు విప్పి స్వయంగా పలకల మీదికి దిగారు. ఆరేడులెంత అని తెర అడిగింది. మంత్రిగారు నిండుగా నలభై ఎనిమిది మీదికి గెంతారు.

"ఊహూఁ... మళ్ళీ చూడు."

మంత్రిగారు మళ్ళీ చూశారు. నలభై ఆరు. మళ్ళీ ఊహూఁ. కెమెరాలు తిరుగుతున్నాయి. పట్టుదల గల మనిషి కనుక ఈసారి తిరిగి నలభై ఎనిమిది మీదికే వెళ్ళారు. మూడోసారి హాల్లో ఉన్న రెండు వందల మంది పిల్లలు కూడా కలిసి "ఊహూఁ" అన్నారు. నా డ్రిల్లులో వాళ్ళు ఎన్నడూ అలా ఒక్క గొంతుతో పలకలేదు.

మధ్యాహ్నం విద్యాశాఖ డైరెక్టర్ గారు ఆ డిజైనర్ అమ్మాయిని పిలిపించి సమీక్షా సమావేశం పెట్టారు. మంచినీళ్ళ గ్లాసులు అందిస్తూ నేనూ అక్కడే ఉన్నాను.

"ఏమ్మా, ప్రభుత్వం వేయించిన నేల ప్రభుత్వాన్నే తప్పు పడుతుందా?"

"తప్పని చెప్పకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుంది సార్?"

"తెలియాల్సిన అవసరం?"

"ఇది ఆట సార్. తప్పుంటేనే ఆట."

"ఆట కాదమ్మా, పథకం. పథకంలో తప్పులుండవు. ఎవరెక్కడ గెంతినా ఒప్పనేలా సెట్టింగ్ మార్చెయ్."

"మరి లెక్కలు?"

"లెక్కలు మేం చూసుకుంటాం."

అమ్మాయి మార్చనంది. మూడో రోజు పై ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చి, పది నిమిషాల్లో మార్చేసి, టీ తాగి వెళ్ళాడు. శిలాఫలకం మీంచి తన పేరు తీసేయమని అమ్మాయి ఉత్తరం రాసింది. డైరెక్టర్ గారిది విశాల హృదయం. వెంటనే ఒప్పుకున్నారు. పేరు అసలు చెక్కించనే లేదు కనుక పని కూడా తేలికైంది.

వెళ్ళేముందు ఆమె హాలు గుమ్మంలో కాసేపు నిలబడింది. "మాస్టారూ, ఆ కిటికీ పిల్లను కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంది.

"అలాగే తల్లీ" అన్నాను. మాట ఇవ్వడానికి నేనెప్పుడూ వెనకాడను.

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. మొదటి వారమే అందరికీ వందకు వంద. రెండో వారానికి పిల్లలు హాలు వైపు రావడం మానేశారు. ఎందుకర్రా అని అడిగితే "ఏది తొక్కినా ఒప్పే సార్, ఏం బాలేదు" అన్నారు. ఇంత త్వరగా సంతృప్తి చెందిన లబ్ధిదారులను నేనెక్కడా చూడలేదు.

కానీ సెన్సర్లు ఊరుకోవు. ఒక్కో కార్డు మీద రోజుకు నలభై గెంతులు పడకపోతే పై ఆఫీసులో ఎర్రదీపం వెలుగుతుంది. అందుకని హెడ్మిస్ట్రెస్ గారు పిల్లల కార్డులు టీచర్లకు పంచారు. నాకు నాలుగో తరగతి వచ్చింది. ముప్పై కార్డులు, పన్నెండు వందల గెంతులు. హెడ్మిస్ట్రెస్ గారు మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని మరీ అయిదో తరగతిని గట్టెక్కించారు.

"మాస్టారూ, ఇవాళ నా మూడో తరగతి కూడా మీరే గెంతెయ్యండి, నడుం పట్టేసింది" అనేవారు సైన్సు టీచరు. గెంతేవాణ్ణి. నాలుగు కిలోలు తగ్గాను.

ఏడాది చివర మంత్రిగారు సర్టిఫికెట్లు ఇవ్వడానికి వచ్చారు. అందరికీ వందకు వందే కనుక గెంతుల సంఖ్యను బట్టి ప్రథమ స్థానం నిర్ణయించారు. అది కిటికీ పిల్లకు వచ్చింది. ఆమె కార్డు కట్టలో అన్నిటికన్నా పైన ఉండేది. ఒంట్లో ఓపికున్నప్పుడు మొదలుపెట్టిన కార్డు కదా, నలభై దగ్గర ఆగకుండా గెంతేవాణ్ణి. ఆ ఉదయం వాళ్ళింటికి వెళ్ళి, తల దువ్వించి, నేనే వెంటబెట్టుకుని తీసుకొచ్చాను.

మంత్రిగారు ఆమెను దగ్గరికి తీసుకుని మైకు అందించారు.

"చెప్పమ్మా, ఈ నేల మీద గెంతి ఏం నేర్చుకున్నావ్?"

"నేను గెంతలేదండీ."

"అదేంటి?"

"బడికే రావట్లేదండీ. రెండు నెలలైంది. ఇంట్లో చెల్లిని చూసుకుంటున్నా."

డైరెక్టర్ గారు హెడ్మిస్ట్రెస్ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూశారు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను. మంత్రిగారు మాత్రం రవ్వంత కూడా తొణకలేదు. మైకు తనవైపు తిప్పుకున్నారు.

"విన్నారు కదా. బడికి రాని బిడ్డకు కూడా వందకు వంద. ఒక పథకం ఇంతకన్నా ఏం సాధించాలి?"

సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆ పిల్ల సర్టిఫికెట్ చుట్టి చేత్తో పట్టుకుని మెట్లు దిగి, నా దగ్గరికి వచ్చి చొక్కా అంచు లాగింది.

"సార్, మరి రేపట్నుంచి నేను రావాలా?"