ట్యాంకరుకు రెండో వైపు

ఊరికి ఒక్క బోరే ఉన్నా బతకొచ్చు. ఒక్క సోషల్ నెట్‌వర్కింగ్ సైటే ఉంటే మాత్రం కష్టం!

నవ్వకండి. పదేళ్లుగా మనం పుట్టినరోజులు, పొలంలో పాములు, పోయినవాళ్ల ఫొటోలు అన్నీ ఒకే సైటులో పెట్టుకుంటున్నాం. పోటీ లేని చోట నాణ్యత ఎక్కడిది? ఇప్పుడు దానికి పోటీగా 'కలుపుగోలు' అనే కొత్త సైటు వచ్చింది. దానివల్ల జరిగిన మేలుకు నేను సాక్షిని.

పుల్లలచెరువు దాటి అడవి వైపు పోతే ఒక ఊరుంది. పేరు చెప్పను. చెబితే దానికీ ఓ పేజీ తెరుస్తారు. నూట పది ఇళ్లు. వేసవిలో రోజుకొక ట్యాంకరు నీళ్లు. వచ్చినట్టు రుజువుగా రమేష్ అనే ఆయన ఫొటో తీసి పాత సైటు గ్రూపులో పెట్టేవాడు. నీళ్ల ఆఫీసు వాళ్లు అది చూసి రాసుకునేవారు. ఊరికి వచ్చి చూసే శ్రమ వారికి తప్పింది.

మార్చిలో రమేష్ తన బావమరిది నరేంద్రను గ్రూపులోంచి తీసేశాడు. గుడ్ మార్నింగులు ఎక్కువయ్యాయని కారణం. బావమరిది ఊరుకుంటాడా? 'కలుపుగోలు'లో ఇంకో గ్రూపు పెట్టాడు.

రమేష్ ట్యాంకరును ఎడమ వైపు నుంచి తీస్తే, నరేంద్ర కుడి వైపు నుంచి తీశాడు. ఆలోచించండి, అంతవరకు బయటి లోకం ఆ ట్యాంకరు కుడి వైపు చూడనే లేదు! ముందుగా ఫొటో పెట్టాలని నరేంద్ర ఊరి బయట కల్వర్టు దాకా ఎదురెళ్లాడు. మర్నాడు రమేష్ ఇంకో రెండు కిలోమీటర్లు ముందుకెళ్లాడు. నాలుగో రోజు ఇద్దరూ ట్యాంకరు నింపే బోరు దగ్గరే కలుసుకున్నారు. డ్రైవరు తల దువ్వుకుని రావడం మొదలుపెట్టాడు.

ఏప్రిల్‌లో ఆఫీసు వాళ్లు రెండు గ్రూపులూ చూశారు. ఎడమ వైపు నుంచి ఒక ట్యాంకరు, కుడి వైపు నుంచి ఒక ట్యాంకరు. మొత్తం రెండు. మంజూరైంది ఒకటే. పొరపాటు సరిదిద్దారు. ఇక నుంచి ట్యాంకరు రోజు విడిచి రోజు!

ఆ ఊళ్లోనే శ్రీశైలమ్మ అనే ఆమెకు ఇరవై ఆరు గొర్రెలున్నాయి. రోజు విడిచి రోజు దాహం వేయడం వాటికింకా అలవాటు కాలేదు. ఆమె రమేష్ ఇంటికి వెళ్లి ఫొటోలు తీసేయమని అడిగింది. మూడు వందల పన్నెండు లైకులు వచ్చిన ఫొటోను ఎవరు తీసేస్తారు?

"ముందు వాణ్ణి తీసేయమను పెద్దమ్మా" అన్నాడు రమేష్.

నరేంద్ర కూడా అదే అన్నాడు. ఇద్దరూ ఒకే మాట మీద నిలబడడం ఊరు చాలా రోజుల తర్వాత చూసింది.

ఒక గొర్రెపిల్ల లేవలేకపోయిన రోజు పొద్దున ఆమె దాన్ని భుజాన వేసుకుని మందను ఆఫీసుకు తోలింది. తొమ్మిది కిలోమీటర్లు.

గేటు దగ్గర ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. తన ఫోన్‌లో రెండు ఫొటోలూ చూపించాడు. "దినానికి రెండు వచ్చినాయి కదమ్మా, ఇదిగో."

శ్రీశైలమ్మ ఫోన్ వైపు చూసింది. "రెండోది దీంట్లో ఉందా? సరే నాయనా. గొర్రెల్ని దీంట్లోకి యాడ నుంచి తోలాల్నో చెప్పు."

అటెండరు ఒక బకెట్ నీళ్లు తెచ్చి పెట్టాడు. పిల్ల తాగింది, మరో రెండు గొర్రెలు తాగాయి, బకెట్ అయిపోయింది.

ఇదంతా, మంద వెనకే వచ్చి, రమేష్ ఎడమ వైపు నుంచి వీడియో తీశాడు. నరేంద్ర కుడి వైపు నుంచి తీశాడు. వారం తిరగ్గానే ఆఫీసు కాగితాల్లో శ్రీశైలమ్మ గొర్రెలు యాభై రెండయ్యాయి. ఎండాకాలంలో మంద రెట్టింపైందంటే ఆ ఊళ్లో నీళ్లకు కొదవ లేదని కూడా రాసుకున్నారు.

ఒకసారి ఊరికొచ్చి చూస్తే తేలిపోదా అంటారా? గొర్రెలు నడిచిన ఆ తొమ్మిది కిలోమీటర్లు ఆఫీసు నుంచి ఇప్పటికీ ఎవరూ రాలేదు. రావలసిన పనేముంది? రెండు వైపుల నుంచీ కనిపిస్తూనే ఉంది కదా!