సప్పుడు లేని గిర్ని

ఆ ఉదయం రామ్‌దాస్ పెట్టుకున్నది చాలా చిన్న పని. గిరాకీలు చెప్పిన మూడు లోపాలనూ సరిదిద్దుకోవాలి. సాయంత్రానికి భార్య చేత శభాష్ అనిపించుకోవాలి.

బోధన్ పాత బస్టాండు వెనక సందులో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న పిండి గిర్ని అతనిది. ఈ ఏడు గిరాకీ సగానికి సగం పడిపోయింది. ఎందుకని అడిగితే అందరూ "మంచిగనే ఉన్నది గదనే" అని నవ్వి వెళ్లిపోతారు. భార్య సుష్మ మాత్రం దసరా దాకా గడువు పెట్టింది. అప్పటికీ గిరాకీ పెరగకపోతే గిర్ని అమ్మేసి, నిజామాబాద్‌లో ఆమె తమ్ముడు దేవిదాస్ దుకాణంలో పసుపు సంచులు కుట్టాలి. బావమరిది ముందు చేతులు కట్టుకుని నిలబడటం తలుచుకుంటేనే రామ్‌దాసుకు ముద్ద దిగేది కాదు.

అందుకే పోయిన వారం ఓ లావుపాటి నోటుబుక్కు కొని, సుతిలితో పెన్ను కట్టి గుమ్మానికి వేలాడదీశాడు. నిజామాబాద్ హోటల్లో ఎవరో బిల్లుతోపాటు 'మీ అభిప్రాయం రాయండి' అని కాగితం ఇచ్చినప్పటినుంచి ఈ పిచ్చి పట్టుకుంది. వారంలో తేలిన ఫిర్యాదులు మూడు. ఇంజన్ చప్పుడుకు చెవులు పగులుతున్నాయి. పిండి దుమ్ము సందులోకి వస్తోంది. తూకం వేసేటప్పుడు ఓనరు ఫోన్లో మాట్లాడుతున్నాడు. మొదటిదాన్ని ఎదురింటి రిటైర్డు హెడ్మాస్టరు మార్కండేయ సారు ఆరు రోజుల్లో ఆరుసార్లు, తేదీ వేసి సంతకం పెట్టి మరీ రాశారు.

రామ్‌దాస్ మూడింటినీ ఆ పొద్దున్నే తీర్చేశాడు. పొగగొట్టం మీద కూక్ కూక్‌మని అరిచే రేకు డబ్బా పీకేసి సైలెన్సర్ బిగించాడు. దుమ్ము పోకుండా తలుపు మూసి లోపల గడియ పెట్టాడు. ఫోను స్విచాఫ్ చేసి పెట్టెలో పడేశాడు. ఇంజన్ ఇప్పుడు గుసగుసలాడుతున్నా అలవాటు కొద్దీ చెవుల్లో దూది పెట్టుకుని, హోటల్ వాళ్ల గోధుమ బస్తాలు ముందేసుకున్నాడు.

అవతలి వాడలో లింగవ్వ జొన్నల గంప సర్దుకుని, గిర్ని చప్పుడు వినపడితే బయల్దేరదామని కూర్చుంది. తొమ్మిది దాటింది. పదైంది. ఓపిక నశించి గంప నెత్తినెత్తుకుని భూమేష్ చాయ్ హోటల్ దగ్గరికి వచ్చింది.

"భూమేషా, గిర్ని సప్పుడు లేదేంది?"

"తలుపు గూడ వెట్టే ఉన్నదవ్వా. ఫోన్ జేస్తే స్విచాఫ్ వస్తున్నది."

చాయ్ తాగుతున్న ఆటో నర్సింలు గ్లాసు కింద పెట్టాడు. "పొద్దుగాల సుష్మక్క కండ్లు తుడుసుకుంట నిజామాబాద్ బస్సెక్కింది. నేనే సూసిన."

సుష్మ దసరా సామాన్లకని తమ్ముడి దగ్గరికి వెళ్లిందన్నది, గిర్ని పక్కనే కాపురమున్నందుకు మిరపపొడి ఘాటుకి రోజూ కళ్లు తుడుచుకుంటుందన్నది అక్కడ ఒక్కరికీ తట్టలేదు.

"తమ్మున్ని తోల్కరానీకి పోయినట్టున్నది. అంటే రామ్‌దాసుకు పానం పరేశానే," అన్నాడు భూమేష్.

పదింటికి ఒంట్లో బాగులేని రామ్‌దాస్ పదకొండుకు సీరియస్ అయ్యాడు. నర్సింలు ఆటో ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఇక లేడు. భూమేష్ వెళ్లి తలుపు బాదాడు. జవాబు లేదు. "ఇంటోళ్లు రాకముందుకు తలుపు ఇరగ్గొడితే మంచిగుండది," అని పెద్దమనిషి తరహాలో తేల్చి, దేవిదాసుకు ఫోన్ కొట్టాడు. "గిట్లయితదనుకోలే అన్నా. అక్కను తోల్కొని జల్ది రా." ఏమైందని దేవిదాస్ అడగలేదు. వస్తూ వస్తూ, అక్కకు కనపడకుండా బంతిపూల దండ ఒకటి తీసుకున్నాడు.

లోపల గోధుమలు అయిపోయాయి. రామ్‌దాస్ ఇంజన్ ఆపి, చెవుల్లోంచి దూది తీశాడు. తలుపు అవతల గోల. ఇరవై ఏళ్లుగా గిరాకీల పెదాలు కదలడమే చూసిన అతనికి వాళ్ల మాటలు తీరుబడిగా వినపడటం ఇదే మొదలు.

"గా కూక్ కూక్ ఇంటెనే నాకు బీపీ గోలీ యాదికొచ్చేది," అని వెక్కుతున్నారు మార్కండేయ సారు. "ఇయ్యాల ఏసుకోనే లేదు. ఆరు దినాలు రాసిన, పాపిష్టి చేతులు!"

రామ్‌దాస్ గుండె నీరైంది. తన చప్పుడు కోసం ఒకరు ఏడుస్తారని అతను కలలో కూడా అనుకోలేదు. గడియ మీద చెయ్యి వేశాడు. అంతలో లింగవ్వ గొంతు.

"మనిషి బంగారం. పోయినోన్ని అనొద్దు గని, ఈ ఏడు పిండి బరుకు వస్తున్నది. రాళ్లు అరిగినయో ఏమో, రొట్టె తట్టంగనే ఇరుగుతది. మా వాడోళ్లంత గందుకే రైలుగేటు గిర్నికి పోతున్నరు. నేనంటే మొకమాటానికి వస్తున్న."

"మరి జెప్పకపోయినవా అవ్వా?" అన్నాడు భూమేష్.

"మొకం మీద ఎట్ల జెప్త బిడ్డా? రాసుడు నాకు రాకపాయె."

భళ్లున తలుపు తెరుచుకుంది. నెత్తినుంచి పాదాల దాకా తెల్లటి పిండితో రామ్‌దాస్ గుమ్మంలో నిలబడ్డాడు. "అవ్వా! గీ ముచ్చట ముందుగాల జెప్పొద్దా?"

నర్సింలు ఆటోను వదిలేసి పరుగు లంకించుకున్నాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మార్కండేయ సారు సొంత ప్రహరీ దూకారు. లింగవ్వ ఒక్కతే కదల్లేదు. గుప్పెడు జొన్నలు తీసి అతని మీద చల్లింది. "పోయినంక గూడ గిరాకీ కోసమే తిరుగుతున్నవా కొడుకా?"

అప్పుడే కారు దిగిన సుష్మకు భయమేమీ వేయలేదు. ఆ తెల్లటి మొహాన్ని ఆమె ఇరవై ఏళ్లుగా చూస్తోంది. చేతిసంచితో భర్త వీపు మీద రెండు వేసి, ఆ పిండి భుజం మీదే తల పెట్టి బావురుమంది. "ఫోనెందుకు బంద్ వెట్టినవు? నా పానం పోయింది!" గిర్ని అమ్మే మాట ఆ రోజే కాదు, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. దేవిదాస్ చేతిలోని దండను ఎటు దాచాలో తెలియక ఇంజన్‌కు వేసి దణ్ణం పెట్టాడు. అలా ఆ గిర్నిలో ఆయుధపూజ ముందే జరిగిపోయింది.

రామ్‌దాస్ మర్నాడే అరిగిన గిర్ని రాళ్లకు కొత్త గాట్లు కొట్టించాడు. లింగవ్వ రొట్టె విరగడం లేదన్న కబురు వాడంతా పాకి, దసరాకు ముందే గంపల వరస సందు మలుపు దాకా వచ్చింది. రేకు డబ్బా మళ్లీ పొగగొట్టం ఎక్కింది.

అది ఎక్కిన మూడో రోజు పుస్తకంలో మార్కండేయ సారు తేదీ వేసి, సంతకం పెట్టి రాశారు: 'చప్పుడు మరీ ఎక్కువగా ఉన్నది.'

కింద రామ్‌దాస్ మొదటిసారి జవాబు రాశాడు: 'బతికే ఉన్న సార్.'