నాలుగు టైర్లు, నాలుగు మోకాళ్లు

ఆదివారం ఉదయం ఏడున్నరకు హనుమకొండలో కొమురెల్లి తన ఇంటి వంటగదిలో పెద్ద గంజులో నాలుగు టైర్లు ఉడకబెట్టాడు. భార్య శకుంతల చేపల మార్కెట్‌కు వెళ్లింది. ఆమె వచ్చేలోగా పని ముగించి, గంజు తోమి, కిటికీ తెరిచి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుని కూర్చోవాలని అతని పథకం.

అవి రేసు కారు టైర్లు. మూరెడు పొడవుండే కారు అది. దూరంగా నిలబడి రిమోట్‌తో నడుపుతారు. ఎవరైనా బొమ్మ కారు అంటే కొమురెల్లి ఆ రోజంతా వాళ్లతో మాట్లాడడు. కిందటి పందెంలో చక్రాలు నాలుగూ పగిలాయి. టైర్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఆ రకం మెత్తటి రబ్బరు టైర్లు చేయడం కంపెనీ మానేసింది. కొత్త రకాలు ఇక్కడి ఎర్రమట్టి మీద జారిపోతాయి. అందుకని పాత టైర్లు ఊడదీసి కొత్త చక్రాలకు వేయాలి. టైరును చక్రానికి బంకతో అతికిస్తారు కాబట్టి, ఆ బంక వదలాలంటే మరిగే నీళ్లలో వేయాలి.

ఆ సాయంత్రమే పందెం. ఖిలా వరంగల్ మట్టికోట అవతల ఖాళీ జాగాలో మిత్రులంతా కలిసి ట్రాక్ వేసుకున్నారు. మూడేళ్లుగా అక్కడ టైల్స్ దుకాణం భాస్కర్ మొదట వస్తున్నాడు, ఎలక్ట్రికల్ దుకాణం కొమురెల్లి రెండోవాడిగా వస్తున్నాడు. ఆ జాగాలో ఫంక్షన్ హాలు కడుతున్నారు. బుధవారం పునాది తవ్వుతారు. అంటే కొమురెల్లి మొదట రావాలంటే ఇక మిగిలింది ఈ ఒక్క పందెమే.

టైర్లు సులువుగానే ఊడాయి. ఒక్కో టైరు లోపల చుట్టూ స్పాంజి ఉంటుంది. అది వేడినీళ్లు పీల్చుకుని పొగలు కక్కుతోంది. నాలుగింటినీ తువ్వాల మీద ఆరబెట్టి, కొత్త చక్రాల అంచులు గీకడానికి కొమురెల్లి డాబా ఎక్కాడు. అక్కడ ఫోన్ మోగింది.

"అన్నా, ఇయ్యాల వస్తానవా? లేకుంటే కప్పు పొద్దుగాలనే ఇంటికి తెచ్చుకోవాల్నా?" అన్నాడు భాస్కర్.

"వస్తాన తమ్మీ. ఫికర్ చెయ్యకు."

"టైర్లు లేకుంటే చెప్పు, నా దగ్గర కొత్తయి ఉన్నయి. నువ్వు రెండో నంబర్ రాకుంటే నాకు మంచిగనిపియ్యదే. అలవాటైంది."

కొమురెల్లి ఫోన్ పెట్టేసి చక్రాన్ని మరింత గట్టిగా గీకాడు. కిందికి దిగి వచ్చేసరికి తువ్వాల మీద టైర్లు రెండే ఉన్నాయి.

మిగతా రెండూ హాల్లో ఉన్నాయి. అత్త సమ్మమ్మ మోకాళ్ల నొప్పులని స్టేషన్ ఘన్‌పూర్ నుంచి శుక్రవారం వచ్చింది. చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఒక్కో మోకాటి చిప్ప చుట్టూ ఒక్కో టైరు పెట్టి, పాత చీర పేలికలతో కట్టేసుకుంది. పక్కన నొప్పుల మందు డబ్బా మూత తీసి ఉంది.

"అత్తమ్మా..." అన్నాడు కొమురెల్లి.

"కొడుకా కొమురెల్లీ, నీళ్లకని గోడ పట్టుకుని వంటింట్లకు పోతె కనవడ్డయి, ఎక్కడ దొరికినయిరా గివి? చిప్పకు సరిగ్గ సరిపోయినయి. లోపల దూది పెట్టిండ్రు, వేడి పోతలేదు. రాత్రి నా బిడ్డ కాపడానికేమన్న చూడుమని నీకు చెప్పిందంట. మొగోడు, ఏం పట్టించుకుంటడు అనుకున్న. తప్పైంది బిడ్డా."

రాత్రి శకుంతల ఏదో చెప్పింది. అతను చక్రాలు చూసుకుంటూ "ఆఁ, చూస్తాన" అన్నాడు. ఏం చూస్తానన్నాడో ఇప్పుడు తెలిసింది. పెళ్లయినప్పటి నుంచి సమ్మమ్మ అల్లుడిని కొడుకా అనడం ఇదే మొదలు. నిజం చెప్పడానికి అతను నోరు తెరిచాడు. అప్పుడే చేపల సంచితో శకుంతల గడపలోకి వచ్చింది.

ఆమె తల్లి మోకాళ్లు చూసింది. మొగుణ్ని చూసింది. సంచి కింద పెట్టింది.

"నిన్న చెప్తే ఇయ్యాల తెచ్చినవా? ఎక్కడ తెచ్చినవయ్యా?"

"మందుల దుకాణంల," అన్నాడు కొమురెల్లి.

"వంటింట్ల గంజు ఏదో వాసనొస్తాంది?"

"అవి మరగబెట్టాలె. డాక్టర్ చెప్పిండు."

"ఏ డాక్టరు?"

"దుకాణమాయన దోస్తు."

శకుంతల లోపలికి వెళ్లి అతనికి చాయ్ పెట్టింది. ఆదివారం అడగకుండా చాయ్ రావడం ఆ ఇంట్లో లేదు. ఆ చాయ్ తాగుతూ కొమురెల్లి, రెండు టైర్లతో కారు నడవదనే సంగతి ఆలోచించాడు.

మిగతా రెండూ అతను చాయ్ తాగేలోపే పోయాయి. పక్కింటి చిలుకమ్మ చేపలు ఏం రేటని అడగడానికి వచ్చి సమ్మమ్మను చూసింది.

"ఏందే సమ్మక్కా, లారీ లెక్క టైర్లేసుకున్నవ్?"

"నవ్వకు. వేసుకుంటె తెలుస్తది. నిన్న లేవలేదు, ఇయ్యాల బాత్రూముకు నేనే పోయొచ్చిన."

"నిజమా? ఇంకో జత ఉందా బిడ్డా?"

"లేదు చిన్నమ్మా," అన్నాడు కొమురెల్లి.

"ఉన్నయి, వంటింట్ల," అంది శకుంతల. "తీస్కపో చిన్నమ్మా. ఒక్క పూట పెట్టుకో."

చిలుకమ్మ టైర్లు ఒళ్లో పెట్టుకుని పోయింది. పోతూ సమ్మమ్మ మందు డబ్బాలో సగం చీటీలో గోకి పట్టుకుపోయింది.

మధ్యాహ్నం వరకు కొమురెల్లి హాల్లోనే కూర్చున్నాడు. సమ్మమ్మ మందు పూసింది, టైర్లు విప్పింది, వేడినీళ్లలో ముంచింది, మళ్లీ కట్టి పైన పూసింది. చేపల పులుసు తిని పడుకుంది. గురక మొదలయ్యాక అతను చాప పక్కన మోకరిల్లి పేలికల ముళ్లు విప్పాడు. ఎడమ మోకాలు విప్పేటప్పుడు ఆమె నిద్రలో "మంచిగుండు కొడుకా" అంది. ఒక్క నిమిషం ఆగి కుడి మోకాలు విప్పాడు.

పక్కింట్లో చిలుకమ్మ మెలకువగానే ఉంది.

"చిన్నమ్మా, అవి జర ఇయ్యి. మళ్లీ మరగబెట్టాలె. లేకుంటే మందు గుణం పోతది."

"ఇప్పుడే కట్టుకున్న గదరా."

"గుణం పోయినంక ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

"పొద్దుమీకి తెచ్చియ్యాలె మరి," అంటూ ఆమె ముళ్లు విప్పింది.

డాబా మీద అతను టైర్ల అంచులు స్పిరిట్‌తో తుడిచి, కొత్త చక్రాలకు ఎక్కించి, బంక వేశాడు. పైభాగం పొడిగుడ్డతో తుడిచాడు. కడగడానికి సమయం లేదు. కారు సంచిలో పెట్టుకుని బండి తీశాడు. దారంతా నొప్పుల మందు వాసన వచ్చింది. తన చేతులదే అనుకున్నాడు.

పందెంలో కారు నేలకు అంటుకుని పరుగెత్తింది. మలుపుల్లో భాస్కర్ కారు జారింది, కొమురెల్లి కారు జారలేదు. చివరి చుట్టు అయ్యేసరికి అతనిదే ముందుంది. రిమోట్ పట్టుకున్న చేతులు దించడం అతను మరిచిపోయాడు. భాస్కర్ వచ్చి చేయి కలిపాడు. కారు ఎత్తి చూశాడు. టైరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సార్, జర వాసన చూడుండ్రి."

న్యాయనిర్ణేత రాజేశ్వర్ రావు, రిటైరైన లెక్చరరు, చూశాడు. టైర్లకు ఏమీ పూయకూడదని అక్కడి నియమం. కొందరు పట్టు కోసం టైర్లకు ఒక నూనె పూస్తారు. దాంతో రబ్బరు మెత్తబడి నేలను పట్టుకుంటుంది. ఆ నూనె వాసన అచ్చం నొప్పుల మందు వాసనే. రెండింటిలోనూ ఉండే సరుకు ఒకటే.

"కొమురెల్లీ, ఏమన్న పూసినవా?"

"నా పానం మీద ఒట్టు సార్. నేనేం పూయలే."

అది నిజం. రాజేశ్వర్ రావు ఆలోచించాడు.

"వాసన సాక్ష్యం కాదు భాస్కర్. పూస్తుంటే చూసినవాళ్లుండాలె. ఉన్నరా?"

ఎవరూ లేరు. రాజేశ్వర్ రావు కప్పు చేతిలోకి తీసుకున్నాడు. కొమురెల్లి రెండు చేతులూ చాచాడు. అప్పుడు ట్రాక్ పక్కన ఆటో ఆగింది. అందులోంచి శకుంతల, చిలుకమ్మ దిగి, ఇద్దరూ చెరో చేయి పట్టి సమ్మమ్మను దించారు.

"ఏడున్నడు వాడు? నిద్రల నా మోకాళ్లు విప్పుకపోయిండు!"

"మందుల దుకాణమన్నవు గదయ్యా," అంది శకుంతల. "గీ బొమ్మ కారుకేనా?"

సమ్మమ్మ కారు దగ్గరికి నడిచి, వేలితో చూపించింది. "గివే సారూ. నాయి రెండు, చిలుకమ్మయి రెండు."

రాజేశ్వర్ రావు కప్పు బల్ల మీద పెట్టాడు. "అమ్మా, వీటికి మీరేమన్న పూసిండ్రా?"

కొమురెల్లి అత్త ముఖంలోకి చూశాడు. చెప్పొద్దన్నట్టు చేతులు జోడించాడు. తప్పయిందని దండం పెడుతున్నాడని ఆమె అనుకుంది. కోపం తగ్గింది.

"పూయకుంటె ఎట్ల సారూ? డబ్బ ఒడిసింది. మా అల్లుడు మంచోడే. ఎవలన్న అడిగితె నేనే పూసిన్నని చెప్తగాని, ఆయనను ఏమనకుండ్రి."

"సాక్షి చెప్పింది," అన్నాడు రాజేశ్వర్ రావు. "నువ్వు పూయలేదు కొమురెల్లీ, ఆ మాట నమ్ముతాన. కాని టైర్లకు పూసి ఉంది. ఎవరు పూసిండ్రన్నది నియమంల లేదు."

కప్పు భాస్కర్‌కు ఇచ్చారు. రెండో బహుమతిగా కొమురెల్లికి గోడ గడియారం వచ్చింది. అటువంటివి ఇంట్లో మూడు ఉన్నాయి. సమ్మమ్మ అక్కడే నిలబడి టైర్లు అడిగింది. బంక గట్టిపడింది కాబట్టి మళ్లీ ఉడకబెట్టాలని అతను చెప్పాడు. ఈసారి స్టవ్ శకుంతలే వెలిగించింది.

సమ్మమ్మ సోమవారం తన రెండు టైర్లతో స్టేషన్ ఘన్‌పూర్ వెళ్లిపోయింది. బుధవారం ఆ జాగాలో పునాది తవ్వారు. వెనక టైర్లు రెండింటిని రాజేశ్వర్ రావు తనిఖీ కోసం పందెం రోజే చక్రాలతో సహా తన దగ్గర అట్టిపెట్టుకున్నాడు. వాటి కోసం శుక్రవారం చిలుకమ్మ ఆయన ఇంటికి వెళ్లింది. చక్రాలు కిటికీలో ఉన్నాయని, టైర్లు మాత్రం ఆయన మోకాళ్లకు కట్టి ఉన్నాయని వచ్చి చెప్పింది.