మంత్రిగారి మొదటి సూది

రాష్ట్రంలో ఏ ఒక్క గొర్రె కూడా టీకా లేకుండా కన్నుమూయరాదని పశుసంవర్ధక మంత్రిగారు హైదరాబాదులో ప్రకటించారు. మొదటి సూది వేములవాడ అవతలి ఒక మండలంలో స్వహస్తాలతో వేస్తామని కూడా సెలవిచ్చారు.

ఈ కబురుకు అందరికన్నా ఎక్కువ సంబరపడ్డవాడు ఆ మండలపు గొర్రెలకాపరి ముత్తయ్య. అతనికి భూమీ పుట్రా లేవు, ఉన్నదల్లా మంద. పక్క ఊరి గొర్రెలకు అప్పటికే బొబ్బరోగం తగిలింది. ఇలాంటప్పుడు కాపరులు మందను దూరం తోలుకుపోతారు, ఒకరి గొర్రెలు తాగిన నీళ్లు ఇంకొకరివాటిని ముట్టనివ్వరు. ముత్తయ్య కూడా సద్దిమూట కట్టుకొని గోదావరి వైపు బయలుదేరాడు. పార్టీ కార్యకర్త అంబదాస్ మోటారు సైకిలు అడ్డం పెట్టాడు.

"యాడికి పోతున్నవే? మంద లేకుంటే మీటింగ్ ఎట్లయితది?"

"అయితే సూది ముందుగాల్నే ఏయించుండ్రి సారూ. మంత్రిసాబ్ వచ్చినంక ఫోటో దిగుతం."

న్యాయమైన మాటే కనుక అంబదాస్ పశువుల డాక్టరును పిలిపించాడు. మందు ఐసుపెట్టెలో సిద్ధంగా ఉంది. డాక్టరు రూల్సు తెలిసిన మనిషి.

"మంత్రిగారు రాకముందే సీలు తీస్తే నన్ను ఉట్నూరు అడవులకు ట్రాన్స్‌ఫర్ చేస్తరయ్యా" అన్నాడు.

మీటింగు పందిరి వేసిన అంగడి జాగా అంతా గొర్రెలతో నిండాలని పైనుంచి ఆర్డరు. అందుకని పక్క ఊరి మందలను కూడా తోలించారు. ముత్తయ్య అంబదాస్‌కు అడ్డం పోయాడు.

"సారూ, వాటికి అమ్మవారు పోసింది. మా గొర్లల్ల కలపకుండ్రి."

"గట్లనకు. గాళ్లు మన ఓటర్లు కారా? పక్కకు పెడితే మనసు నొచ్చుకుంటరు."

రోగమున్న గొర్రెనూ లేని గొర్రెనూ ఒకే కంటితో చూసే ఇంతటి సమభావం ఈ రోజుల్లో ఎవరికుంది? మందలన్నీ కలిసిపోయాయి. మంత్రిగారు ఢిల్లీ వెళ్లారు. తిరిగొచ్చాక అమావాస్య అడ్డం వచ్చింది, ఆ తర్వాత అసెంబ్లీ. పందిరికి కట్టిన మామిడాకులు ఎండినప్పుడల్లా అంబదాస్ విసుక్కోకుండా కొత్తవి కట్టించాడు. గొర్రెల విషయంలో ఆ వీలు లేకపోయింది. చచ్చినవి చావగా, మిగిలినవాటిని బేరగాళ్లు అగ్గువకు కొని లారీ ఎక్కించారు. ముత్తయ్య భార్య పోశవ్వ ఖాళీ దొడ్డి ఊడుస్తూ ఏడ్చింది. ముత్తయ్యకు ఏడుపు కూడా రాలేదు.

ఆ మరునాడే మంత్రిగారు వేంచేశారు. గొర్రెలు లేవని ఆయన చెవిన వేయడానికి ఎవరికీ నోరు పెగల్లేదు. డాక్టరు సూది అందించాడు. పేపరు ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి, "గొర్రె ఏది సార్?" అని అడిగాడు.

అంబదాస్ ముత్తయ్యను పందిరి వెనక్కి తీసుకుపోయాడు.

"జరసేపు వంగు ముత్తయ్యా. గొంగడి నెత్తి మీదికెల్లి కప్పుకుంటే నల్లగొర్రె లెక్కనే కనవడ్తవు. సూది గుచ్చరు, ఫికర్ జెయ్యకు. చచ్చిన గొర్లకు సర్కారు పైసలు నేనిప్పిస్త."

ముత్తయ్య వంగాడు.

తెల్లవారి పేపర్లో ఫోటో దివ్యంగా పడింది. మంత్రిగారి ముఖంలో కరుణ ఉట్టిపడుతోంది. ముత్తయ్య పైసల సంగతి అడగడానికి పశువుల దవాఖానకు పోయాడు. డాక్టరు పేపరు విప్పి ముందు పెట్టాడు.

"మీ మండలంల రోగమే లేదని మంత్రిగారు చెప్పిండ్రు. నువ్వే చూడు, గొర్రె ఎంత గట్టిగున్నదో."

ముత్తయ్య ఫోటోలోని గొంగడి మీద వేలు పెట్టాడు.

"గది మొన్నటి సంది ఏం తింటలేదు సారూ" అన్నాడు.